డిష్‌వాషర్‌లో కడిగాక గిన్నెలకు తెల్లపొర మిగులుతుంటే

మెషిన్ ఆగాక తలుపు తీస్తే గాజు గ్లాసుల మీద మసక, స్టీలు పళ్లేలకు తెల్లటి చారలు, గిన్నె అడుగున కరగని పౌడరు. సరిగ్గా కడగలేదనుకుని చాలామంది సబ్బు ఇంకాస్త పెంచుతారు. అలా చెయ్యకండి. తెల్లగా కనిపించేదంతా సబ్బు కాదు. అది ఏమిటో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకదానికి చేసే మందు రెండోదానికి పనికిరాదు.

ఆరిన గాజు గ్లాసొకటి తీసుకుని తడి వేలితో రుద్దండి. జారుడుగా తగిలి గోరువెచ్చటి నీళ్లకే పోతే అది డిటర్జెంట్. నీళ్లకు కదలకుండా నిమ్మచెక్కతోనో వెనిగర్‌తోనో రుద్దితే పోయిందంటే అది నీళ్లలోని సున్నం. రెండింటికీ లొంగకపోతే గాజే అరిగిపోయింది, అది ఇక తిరిగి రాదు. మరీ మెత్తటి నీళ్లు, ఎక్కువ డిటర్జెంట్, ఎక్కువ వేడి మూడూ కలిస్తే అలా అవుతుంది. అల్యూమినియం గిన్నె నల్లబడి వేలికి బూడిదరంగు అంటుకుంటే అది డిటర్జెంట్‌లోని క్షారం పని. ఆ గిన్నెలు మెషిన్‌లో వెయ్యకూడనివే.

సబ్బే అయితే

ముందు కొలత చూడండి. పౌడరు వాడేవారికి మామూలు లోడుకు 20 నుంచి 25 గ్రాములు చాలు. సగం లోడుకైతే ఇంకా తగ్గించాలి. టాబ్లెట్ వాడుతూ 30 నిమిషాల క్విక్ ప్రోగ్రాం పెడితే అది పూర్తిగా కరిగేలోపే కడగడం అయిపోతుంది. చిన్న ప్రోగ్రాంకు పౌడరే వాడండి. టాబ్లెట్‌ను తలుపు లోపలివైపు డిటర్జెంట్ వేసే డిస్పెన్సర్ గదిలోనే పెట్టాలి. అడుగున పడేస్తే ముందు కడుగు నీళ్లతోనే సగం కొట్టుకుపోతుంది. గది తడిగా ఉంటే పౌడరు గడ్డకట్టి అక్కడే అతుక్కుంటుంది, తుడిచి ఆరాకే పొయ్యండి.

డిస్పెన్సర్ మూతకు ఎదురుగా పెద్ద పళ్లెమో, కుక్కర్ గిన్నో, పొడవాటి గరిటో ఉంటే మూత పూర్తిగా తెరుచుకోదు, నీళ్లు లోపలికి చేరవు. గిన్నెలు సర్దాక నీళ్లు చిమ్మే పై రెక్కను, కింది రెక్కను చేత్తో ఒక్కసారి తిప్పి చూడండి. ఏ గరిటకైనా తగిలి ఆగితే ఆ మూలకు నీళ్లే వెళ్లవు.

చేత్తో గిన్నెలు తోమే లిక్విడ్ మెషిన్‌లో వెయ్యడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. నురగ పెరిగి పంపు నీళ్లకు బదులు గాలిని లాగుతుంది, ఆ నురగే గిన్నెల మీద ఆరిపోతుంది. గిన్నెలను సింకులో ఆ లిక్విడ్‌తో ఒకసారి తోమి పెట్టినా ఇదే జరుగుతుంది. ఎంగిలి గీకేసి ఉత్త నీళ్లతో తొలిచి పెడితే చాలు. ఇప్పటికే నురగ నిండి ఉంటే మగ్గుతో తోడేసి, ఏ డిటర్జెంటూ లేకుండా ప్రీ-రిన్స్ రెండు మూడుసార్లు నడపండి.

తర్వాత ఫిల్టర్. కింది రాక్ బయటికి తీస్తే అడుగున కనబడుతుంది, ఎడమవైపు తిప్పి పైకి లాగితే వస్తుంది. మన వంటల్లో అన్నం మెతుకులు, కరివేపాకు, చింతపండు పీచు అక్కడే చేరతాయి. వారానికొకసారి పాత టూత్‌బ్రష్‌తో కుళాయి కింద కడిగి, మళ్లీ బిగుసుకునేదాకా తిప్పి పెట్టండి. రెక్కలను కూడా ఊడదీసి చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే పోపులోని ఆవాలో జీలకర్రో ఇరుక్కున్నట్టే. టూత్‌పిక్‌తో రంధ్రాలు పొడిచి, ధారగా నీళ్లు పోసి బయటికి పంపాలి.

ఇంతా చేసినా సబ్బు పోకపోతే నీళ్లు చాలినంత వస్తున్నాయా అని చూడాలి. చాలా మెషిన్లకు కనీసం 0.3 నుంచి 0.5 బార్ ఒత్తిడి కావాలి. ట్యాంకు ఒక మీటరు ఎత్తుకు దాదాపు 0.1 బార్ ఇస్తుంది. అంటే నీళ్ల మట్టం కుళాయి కంటే మూడు నుంచి ఐదు మీటర్లు పైన ఉండాలి. పై అంతస్తు ఫ్లాట్లలో చాలా ఫిర్యాదులు ఇక్కడే తేలతాయి. అక్కడ ప్రెషర్ పంపే దారి. కుళాయి కట్టేసి ఇన్లెట్ పైపు విప్పితే కొసన చిన్న జాలీ ఉంటుంది, అందులో ఇసుక పేరుకుంటే కడగండి. డ్రెయిన్ పైపు నలిగి ఉంటే మురికి సబ్బునీళ్లు పూర్తిగా పోవు, అదీ సరిచేయండి.

సున్నమైతే

బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే ఇళ్లలో ఎక్కువ కేసులు ఇవే. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం, అంటే నీళ్లలోని సున్నం మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. దాన్ని కొలవడానికి హార్డ్‌నెస్ స్ట్రిప్‌లు కావాలి. టీడీఎస్ మీటర్ మొత్తం లవణాలను చూపిస్తుంది తప్ప కఠినత్వాన్ని విడిగా చెప్పదు.

స్ట్రిప్‌లో వచ్చిన పీపీఎంను (అంటే లీటరుకు మిల్లీగ్రాములు) 17.8తో భాగిస్తే మాన్యువల్‌లో వాడే కఠినత్వ కొలత, జర్మన్ డిగ్రీలు వస్తాయి. 400 పీపీఎం అంటే సుమారు 22. మాన్యువల్‌లోని పట్టికలో ఆ అంకెకు తగిన సాఫ్ట్‌నర్ (ఉప్పు సాయంతో నీళ్లలోని సున్నాన్ని తీసే భాగం) స్థాయి చూసి మెషిన్‌లో పెట్టండి. మెషిన్ కొన్నప్పుడు పెట్టినదాన్నే చాలామంది ఏళ్ల తరబడి వదిలేస్తారు. మామూలుగా మున్సిపల్ నీళ్లు వచ్చే ఇంటికి ఎండాకాలంలో ట్యాంకర్ వస్తే ఆ స్థాయి చాలదు, కాబట్టి నీళ్లు మారినప్పుడల్లా సెట్టింగూ మారాలి. ఆల్-ఇన్-వన్ టాబ్లెట్‌లో సాల్ట్ ఉంటుందన్న ధీమా 21 డిగ్రీలు దాటితే పనికిరాదు.

సాల్ట్ గదిలో డిష్‌వాషర్ సాల్టే పొయ్యాలి. వంటింటి అయోడైజ్డ్ ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలుంటాయి, రాళ్ల ఉప్పులో మట్టి ఉంటుంది. రెండూ సాఫ్ట్‌నర్‌లో సున్నాన్ని పట్టుకునే రెజిన్‌ను పాడుచేస్తాయి. మొదటిసారి మాత్రమే గదిని నీళ్లతో నింపి, తర్వాత సాల్ట్ పొయ్యండి. పొంగిన ఉప్పునీళ్లు స్టీలును తినేస్తాయి కనుక వెంటనే ఒక ప్రోగ్రాం నడపాలి. మూత సరిగా బిగించకపోతే ఉప్పునీళ్లు లోపలికి కారి, అదే తెల్లపొరలా కనబడుతుంది.

రిన్స్ ఎయిడ్ అనే ద్రవం చివరి కడుగులో నీటి బొట్లు గిన్నె మీద నిలవకుండా జారిపోయేలా చేస్తుంది. బొట్టు మరకలుంటే దాని మోతాదు సెట్టింగును ఒక గీత పెంచండి, నీలిరంగు చారలో జిగటో కనబడితే ఒక గీత తగ్గించండి.

పేరుకున్న సున్నం వదలడానికి ఖాళీ మెషిన్‌లో 100 గ్రాముల నిమ్మ ఉప్పు అడుగున చల్లి, డిటర్జెంట్ లేకుండా 65 లేదా 70 డిగ్రీల ప్రోగ్రాం నడపండి. బ్లీచింగ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

ఇంకా పోకపోతే వేడి ప్రోగ్రాం మొదలైన 25 నిమిషాలకు ఆపి, ముఖం పక్కకు పెట్టుకుని తలుపు కాస్త తీయండి. ఆవిరి రాకపోతే, నీళ్లు చల్లగా ఉంటే హీటర్ పోయినట్టు అనుమానించాలి. ప్రోగ్రాం అయ్యేదాకా డిస్పెన్సర్ మూత మూసే ఉంటే దాని లాచ్ పాడైంది. ఈ రెండింటికీ టెక్నీషియన్ రావాలి.