గాల్వెస్టన్ నుంచి క్రూజ్‌కి పేరెంట్స్‌ని తీసుకెళ్తున్నారా, ముందు ఇవి చూసుకోండి

టెక్సాస్‌లో ఉన్న మనవాళ్ళకి క్రూజ్ అంటే గాల్వెస్టన్ పోర్టే. హ్యూస్టన్ నుంచి ఐ-45 ఎక్కితే గంట, డాలస్ నుంచైనా ఐదు గంటల్లోపు డ్రైవ్, ఫ్లైట్ టికెట్ల గోల లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చినప్పుడు ఎక్కువ నడిపించకుండా తిప్పడానికి ఇంతకంటే సుఖమైన ట్రిప్ లేదనే చెప్తా. షిప్ ఎక్కాక తిండి, షోలు, పక్క సర్దడం అన్నీ వాళ్ళే చూసుకుంటారు కాబట్టి పెద్దగా టెన్షన్ ఏం ఉండదు, తేడా కొట్టేదల్లా కాగితాల దగ్గరా టైమ్ దగ్గరా, అందుకే ఆ రెండింటి గురించే కాస్త ఎక్కువ రాస్తున్నా.

ముందు కాగితాలు. షిప్ మెక్సికో వెళ్ళిందంటే మీరు అమెరికా దాటి వెళ్ళినట్టే లెక్క, తిరిగొచ్చాక గాల్వెస్టన్‌లో ఇమిగ్రేషన్ వాళ్ళు మళ్ళీ చూస్తారు. అమెరికన్ సిటిజన్స్ అయితే వెళ్ళిన పోర్ట్‌కే తిరిగొచ్చే క్రూజ్‌లకి బర్త్ సర్టిఫికెట్, ఐడీతో కూడా ఎక్కొచ్చు, పిల్లలు ఇక్కడే పుట్టుంటే అది పనికొస్తుంది, కానీ ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. పేరెంట్స్ బీ2 (విజిటర్) వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా, ఇంకా గడువుందా చూడండి, వీసా పాత పాస్‌పోర్ట్‌లో ఉంటే రెండు పాస్‌పోర్ట్‌లూ తీసుకెళ్ళాలి. గ్రీన్ కార్డ్ వాళ్ళు కార్డ్‌తో పాటు పాస్‌పోర్ట్ కూడా పెట్టుకోండి. ఎఫ్1 (స్టూడెంట్) వాళ్ళకి కాలేజీ ఇచ్చిన ఐ-20 మీద ట్రావెల్ సిగ్నేచర్, హెచ్1 (ఉద్యోగం) వాళ్ళకి ఐ-797 అప్రూవల్ కాగితం ఉండాలి.

పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు తీరిపోయినవాళ్ళు మాత్రం అస్సలు లైట్ తీసుకోకండి. మెక్సికోకి ముప్పై రోజుల్లోపు వెళ్ళొస్తే ఆటోమేటిక్ రీవాలిడేషన్ కింద ఆ పాత వీసాతోనే రానిస్తారని వాట్సాప్ గ్రూపుల్లో చెప్తుంటారు, ఆ రూల్ ఉన్న మాట నిజమే, కానీ దాంట్లో మెలికలున్నాయి. దీవుల దేశాలకి అది ఎఫ్, జే వీసాల వాళ్ళకే వర్తిస్తుంది, పైగా మనకి మెక్సికో వీసా అక్కర్లేదు అనేదే చేతిలో చెల్లే అమెరికా వీసా లాంటిది ఉంటేనే. కాబట్టి డబ్బులు కట్టకముందే మీ అటార్నీనీ క్రూజ్ కంపెనీనీ ఇద్దర్నీ అడగండి. మెక్సికో కాకుండా హోండురాస్, బెలీజ్, జమైకా లాంటి చోట్లకి వెళ్తుంటే ఇండియన్ పాస్‌పోర్ట్‌కి రూల్ ఏంటో పోర్ట్ పోర్ట్‌కీ విడిగా కనుక్కోవాలి. ఏజెంట్ "ఏం కాదండీ" అన్నాడని ఊరుకోవద్దు, టెర్మినల్ దగ్గర ఆపేస్తే డబ్బులు కూడా రావు.

ఆన్‌లైన్ చెక్-ఇన్ ఎప్పుడు ఓపెన్ అవుద్దో ఆ రోజే కూర్చుని చేసేయండి, పేరెంట్స్ ఉంటే పొద్దున స్లాట్ తీసుకుంటే లైన్లు తక్కువ, లంచ్ కూడా షిప్‌లోనే అయిపోద్ది. పార్కింగ్ ముందే బుక్ చేసుకోండి, మీ షిప్ ఏ టెర్మినల్ నుంచో కూడా చూసుకోండి, అక్కడ ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. సాయంత్రం నాలుక్కి షిప్ కదిలేదుంటే నాలుక్కి చేరితే కుదరదు, ప్యాసింజర్ల లిస్టు బయల్దేరడానికి కనీసం గంట ముందు ఇమిగ్రేషన్‌కి పంపాలి కాబట్టి తలుపులు ముందే మూసేస్తారు. డాలస్, ఆస్టిన్ వాళ్ళు ముందు రోజు రాత్రికే హ్యూస్టన్‌లో ఎవరింట్లోనైనా దిగడం మేలు, ఐ-45 మీద ఒక్క యాక్సిడెంట్ అయినా మీ ప్లాన్ అంతా అటే.

పెద్ద సూట్‌కేసులు బయట పోర్టర్లకి ఇచ్చేస్తే అవి రూమ్‌కి ఎప్పుడో సాయంత్రానికి వస్తాయి, ఒక్కోసారి రాత్రి డిన్నర్ అయ్యాకే. అందుకని బీపీ, షుగర్ మందులు, పాస్‌పోర్ట్‌లు, కళ్ళజోళ్ళు, పిల్లల స్విమ్మింగ్ డ్రెస్సులు చేతి బ్యాగులో ఉండాలి. అమ్మ మందులు ఆ పెద్ద పెట్టెలో అడుగున పెట్టేస్తుంది, ఇంటి దగ్గరే ఒకసారి అడిగి తీయించండి.

మనవాళ్ళ పెట్టెల్లో ఉండే రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె ఈ మూడూ షిప్‌లోకి రానివ్వరు, నిప్పు భయం. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులు కూడా అంతే. ఎక్స్‌రేలో కనపడితే పెట్టె పక్కన పెట్టేసి మిమ్మల్ని పిలుస్తారు. ఇంట్లో వండిన పులిహోర, చపాతీలు కూడా కుదరవు, సీల్ తీయని పచ్చడి ప్యాకెట్, కొన్న కారప్పొడి, బిస్కెట్లు కొంచెంగా అయితే సాధారణంగా ఏమీ అనరు. ఒక డజను మాగ్నెట్ హుక్స్ మాత్రం తప్పకుండా కొనుక్కోండి, రూమ్ గోడలు చాలా షిప్పుల్లో లోహంవే కాబట్టి ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటాయి, తడి బట్టలు, టోపీలు, బ్యాగులు అన్నీ వాటికే వేలాడదీయొచ్చు, ఆ చిన్న రూమ్‌లో నలుగురుంటే వాటి విలువ తెలుస్తుంది.

ఎక్కగానే మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపించే ప్రాక్టీస్, అయిపోగొట్టండి. ఇప్పుడు చాలా షిప్పుల్లో వీడియో ఫోన్‌లో చూసి, మీ మస్టర్ స్టేషన్‌కి వెళ్ళి కార్డ్ స్కాన్ చేయించుకుంటే చాలు. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా బోల్తా పడి 32 మంది పోయారు కదా, ఆ రోజే ఎక్కిన చాలామందికి అప్పటికి డ్రిల్లే అవలేదు, అప్పట్లో 24 గంటల్లోపు చేస్తే సరిపోయేది. 2015 నుంచి షిప్ కదిలేముందో కదిలిన వెంటనేనో చేయాల్సిందే. పేరెంట్స్‌కి ఇంగ్లీష్ వీడియో సరిగ్గా అర్థం కాకపోతే ఏడు పొట్టి హారన్లు, ఒక పొడుగు హారన్ వినిపిస్తే ఎక్కడికి రావాలో మీరే నడిపించి చూపించండి.

తిండి విషయంలో భయపడక్కర్లేదు, స్టాఫ్‌లో గోవా, ముంబై, కేరళ వాళ్ళు బాగానే కనపడతారు. మొదటి రాత్రే డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌తో మాట్లాడండి, ప్యూర్ వెజ్ అని ఊరికే అనకుండా గుడ్డు, చేప కూడా వద్దని విడమరిచి చెప్పండి, పప్పు, కూర, రైస్ రేపటికి కావాలంటే ఈరోజే చెప్పాలి. కార్నివాల్ కంపెనీ షిప్పుల్లో అయితే అడిగితే ఇండియన్ వెజిటేరియన్ చేసిపెడతారు. బఫేలో సూపులు, మెక్సికన్ రైస్ మాత్రం అడగకుండా తినొద్దు, చాలాసార్లు చికెన్ స్టాక్ ఉంటది. తినేముందు చేతులు సబ్బుతోనే కడగండి, షిప్పుల్లో వాంతులు విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌కి శానిటైజర్ పెద్దగా పనిచేయదు.

కడుపులో తిప్పడం అనేది చలికాలంలో ఎక్కువ, నార్త్ నుంచి చలిగాలి దిగినప్పుడు గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రం కాస్త గట్టిగానే ఊపుతుంది. పేరెంట్స్‌కి రూమ్ బుక్ చేసేటప్పుడే షిప్ మధ్యలో, కింది డెక్‌లో చూడండి. మెక్లిజిన్ లాంటి బిళ్ళ తిప్పడం మొదలయ్యాక వేస్తే పెద్దగా లాభం లేదు, ముందే వేయాలి, కానీ మత్తుగా ఉంటది, ప్రోస్టేట్, గ్లాకోమా లాంటివి ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే. షిప్ డాక్టర్ దగ్గరికి వెళ్తే బిల్లు తడిసి మోపెడవుద్ది, విజిటర్ ఇన్సూరెన్స్ సముద్రంలో చెల్లుద్దో లేదో ముందే చూసుకోండి.

ఇక టైమ్ సంగతి. పోర్ట్‌లో దిగాక మీ ఫోన్‌ని నమ్మొద్దు. కోజుమెల్, కోస్టా మాయా ఉన్న మెక్సికో రాష్ట్రంలో ఏడాదంతా ఒకటే టైమ్, వాళ్ళు గడియారం మార్చరు, దానివల్ల ఎండాకాలంలో టెక్సాస్ టైమ్‌తో సమానం, నవంబర్ నుంచి మార్చి దాకా గంట ముందుంటది. హోండురాస్‌లోని రోటాన్, పక్కన బెలీజ్ ఇంకో రకం, అక్కడా మార్చరు కానీ ఎండాకాలంలో మనకంటే గంట వెనక. అంటే జులైలో రోటాన్ బీచ్‌లో ఫోన్ 3:30 చూపిస్తుంటే షిప్ టెక్సాస్ టైమ్ మీదే ఉంటే అక్కడ 4:30, అందరూ ఎక్కాల్సిన టైమ్ నాలుగున్నర అయితే మీ పని అయిపోయినట్టే. ఒక్కో షిప్ టైమ్ మారుస్తుంది, ఒక్కోటి మార్చదు, కెప్టెన్ అనౌన్స్‌మెంట్ వినండి. దీనికి నాన్నగారి చేతి వాచీయే బెస్ట్, షిప్ టైమ్ పెట్టేసి దాని జోలికి వెళ్ళకుండా ఉంటే చాలు.

షిప్ వాళ్ళ టూర్ అయితే లేటైనా మీకోసం ఆగుతారు, మీ సొంతంగా వెళ్తే ఆగరు. అందుకే కోజుమెల్ నుంచి తులుం లాంటి దూరాలకి, ఫెర్రీ దాటి బస్సెక్కాలి కాబట్టి, షిప్ టూరే తీసుకోండి. దగ్గర బీచ్‌కి, ఊళ్ళోకి అయితే ట్యాక్సీ చాలు, రేటు ఎక్కేముందే మాట్లాడుకోండి. బెలీజ్ సిటీ, గ్రాండ్ కేమన్‌లో షిప్ ఒడ్డుకి ఆనదు, చిన్న పడవలోకి మారాలి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి అది కష్టం.

డబ్బుల దగ్గర రెండు మాటలు. టిప్స్ మనిషికి రోజుకి ఇంత అని, సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా, వాళ్ళే అకౌంట్‌లో వేస్తారు, అది లెక్కలో పెట్టుకోండి. మందు (ఆల్కహాల్ డ్రింక్స్) ప్యాకేజీ ఒకరు తీసుకుంటే రూమ్‌లో పెద్దవాళ్ళంతా తీసుకోవాలనే రూల్ చాలా కంపెనీల్లో ఉంది, నాన్నగారు పుచ్చుకోరు కదా అంటే వినరు, వేరే రూమ్ ఉంటే గొడవ లేదు. షిప్ కదలగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్, ముఖ్యంగా ఇండియా సిమ్ ఉన్నవి.

చివరి రాత్రి పెట్టెలు రూమ్ బయట పెట్టేముందు పొద్దున వేసుకునే బట్టలు, చెప్పులు తీసిపెట్టుకున్నారా చూసుకోండి. పళ్ళు, మాంసం బయటికి తేవద్దు. మెక్సికోలో మందు బాటిల్ కొంటే కస్టమ్స్ మినహాయింపు ఉన్నా గాల్వెస్టన్‌లో టెక్సాస్ వాళ్ళ టాక్స్ కౌంటర్ ఉంటది, అక్కడ కట్టాల్సిందే. జనవరి, ఫిబ్రవరిలో పొగమంచుకి షిప్పులు పోర్ట్‌లోకి వచ్చే దారి (ఛానల్) మూసేస్తే షిప్ గంటలకొద్దీ బయటే ఆగిపోద్ది, ఆ రోజు పొద్దున ఫ్లైట్ పెట్టుకోకండి. ఇంటికొచ్చాక పేరెంట్స్ ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఆన్‌లైన్‌లో తీసి చూడండి, ఒక్కోసారి కొత్త డేట్ ఇస్తారు, ఒక్కోసారి పాతదే ఉంచుతారు, వాళ్ళ రిటర్న్ టికెట్ ఆ డేట్ లోపలే ఉండాలి.