సెకండ్ హ్యాండ్ కారు కొనే ముందు ఏమేం చూడాలి?

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. మునిగిన బండిని కడిగించి, కొత్త సీటు కవర్లు తొడిగి, పాలిష్ పట్టిస్తే పైకి ఏమీ తెలియదు. అందుకే పాలిష్ పట్టని చోట్లు చూడాలి.

ముందు కాగితాలు

బండి దగ్గరికి వెళ్లకముందే ఆర్‌సీ ఫొటో పంపమనండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఇన్సూరెన్స్ గడువు, ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా లేదా చూసుకోండి. చలాన్లు కూడా తీయండి, అవి అమ్మేవాళ్లే కట్టాలి. ఆర్‌సీలో బ్యాంకు పేరుంటే అప్పు తీరిపోయిందన్న మాట చాలదు. అభ్యంతరం లేదని బ్యాంకు రాసిచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 చేతికి రావాలి. ఢిల్లీ బండి చవగ్గా వస్తోందంటే తొందరపడకండి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చంతా కలిపితే ఎంతవుతుందో లెక్క వేశాకే బేరానికి దిగండి.

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగా

సాయంత్రం లైట్ల వెలుతురులో సొట్టలు, రంగు తేడా కనపడవు. పొద్దున వెళ్లండి. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. అప్పటికే వేడిగా ఉంటే ఎందుకని అడగండి, ఎందుకంటే ఇంజిన్ రోగాలు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. ఆయిల్ పోసే మూత విప్పి చూడండి. లోపల పాలమీగడలాంటి జిగురుంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. స్టార్ట్ చేశాక నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నట్టు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే ఇంకా పెద్ద ఖర్చు.

నీట మునిగిందా?

ఇక్కడ మాత్రం తీరిగ్గా చూడండి. ముందు సీటు బెల్టును ఆఖరిదాకా నెమ్మదిగా లాగండి. రోజూ వాడే భాగాన్ని అందరూ కడుగుతారు. చుట్ట లోపల ఉండిపోయే చివరి భాగాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. అక్కడ మట్టిరంగు చార ఉంటే నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో కూడా తెలిసిపోతుంది. బెల్టు మరీ కొత్తగా ఉంటే అడుగున కుట్టిన లేబుల్ మీద తయారీ సంవత్సరం చూడండి. అది కారు కన్నా కొత్తదైతే ఎందుకు మార్చారో అడగాలి.

తర్వాత డిక్కీలో మ్యాట్ ఎత్తి, స్టెప్నీ బయటికి తీసి, ఆ గుంతలో ఇసుక, ఒండ్రు, తుప్పు ఉన్నాయేమో తడిమి చూడండి. సీటును వెనక్కి జరిపి, దాన్ని బిగించిన బోల్టుల మీద టార్చి వేయండి. కారు లోపలి బోల్టులకు తుప్పు ఊరికే పట్టదు. అద్దాలన్నీ మూసి ఏసీ వేసి కాసేపు కూర్చోండి. ముక్కవాసన వచ్చినా, దాన్ని కప్పడానికి పెర్ఫ్యూమ్ ఘాటుగా కొట్టినా నేనైతే ఆ బండి వదిలేస్తాను. వైరింగ్‌లోకి నీళ్లు వెళితే ఆ బాధ నెలల తర్వాత, ఒక్కో స్విచ్చూ పోతూ మొదలవుతుంది.

గుద్దుడు, రీడింగ్

బానెట్, డోర్ల బోల్టుల మీద రంగు చెదిరితే స్పానర్ పెట్టి విప్పారన్నమాట. మిగతా అద్దాల మీద ఒక సంవత్సరం, ఒక్కదాని మీద వేరే సంవత్సరం ఉంటే అదెలా పగిలిందో అడగండి. టైరు ఎంత పాతదో చెప్పే నాలుగంకెలు దాని పక్కన ఉంటాయి: 3521 అంటే 2021లో 35వ వారం తయారైందని. మీటరు 25 వేలే చూపిస్తుండగా బ్రేక్ పెడల్ రబ్బరు అరిగిపోయి ఉంటే ఆ మీటరును నమ్మకండి. సర్వీసు బిల్లుల్లో ఎప్పుడెంత రీడింగ్ రాశారో వరసగా చూడండి.

నడిపి చూడండి, తర్వాతే అడ్వాన్స్

గతుకుల రోడ్డు మీదా, ఖాళీ రోడ్డు మీదా నడపండి. బ్రేక్ వేస్తే ఒక పక్కకు లాగుతోందా, గేర్లు ఇబ్బంది పెడుతున్నాయా గమనించండి. అన్నీ నచ్చాక మీ మెకానిక్‌కి చూపించి, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చూపించే స్కానర్ పెట్టించండి. అమ్మేవాళ్లు పిలిచిన మెకానిక్ వద్దు. మెకానిక్‌కి చూపించనివ్వనంటే ఒక్క రూపాయి కూడా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

డబ్బు మొత్తం ఇచ్చే రోజున బండిని మీ పేరు మీదికి మార్చే ఫారం 29, 30 మీద అమ్మేవాళ్ల సంతకాలు, ఒరిజినల్ ఆర్‌సీ, రెండో తాళం తీసుకోండి. కొన్న 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, కాబట్టి ప్రీమియం కాస్త పెరుగుతుంది. ఆయన ఫాస్టాగ్‌ను అక్కడికక్కడే మూయించండి.