పెళ్లికి ఖరీదైన వాచీ కొంటున్నారా? డబ్బు తీసే ముందు వెనక మూత తీయించండి

మేనకోడలి పెళ్లికి హన్మకొండలో ఒక మేనమామ డెబ్బై వేలు పెట్టి స్విస్ వాచీ కొన్నాడు. నెల తిరక్కుండానే అది ఆగిపోయింది. పెళ్లికొడుకు దాన్ని హైదరాబాద్‌లోని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, ‘ఇది మా వాచీ కాదు, ముట్టుకోం’ అని తిరిగిచ్చేశారు. అమ్మినతని ఫోన్ స్విచాఫ్. మోసపోయింది మేనమామ, మాట పడుతున్నది ఆడపిల్ల.

మళ్లీ ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి కాబట్టి రాస్తున్నాను. మరీ చౌకగా వస్తే అనుమానించాలి, తెలియని లింకులు నొక్కకూడదు లాంటివి అందరికీ తెలుసు, వదిలేద్దాం. ఇళ్లలో గొడవలు పెట్టిన తప్పు నేను చూసినంతవరకు ఒకటే. ముందు డబ్బు ఇచ్చేసి, తర్వాత వాచీ చూపించుకోవడం. బ్యాటరీ అయిపోయినప్పుడో, ముల్లు ఆగినప్పుడో చౌరస్తాలో మెకానిక్ దగ్గరికి వెళ్తారు. ఆయన మూత తీసి, కంటికి అద్దం పెట్టుకుని, ‘ఎంతకు కొన్నరన్నా?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్న డబ్బు ఇవ్వకముందు వినాలి.

డబ్బా, బిల్లు, దుబాయ్

బంగారం అయితే హాల్‌మార్క్ ఉంటుంది. నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ గుర్తింపు కోడ్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. వాచీకి మన దగ్గర అలాంటి ప్రభుత్వ ముద్ర లేదు. ఉన్నదల్లా డబ్బా, వారంటీ కార్డు, సీరియల్ నంబర్. మూడూ కాపీ చేస్తారు. ఒకే నిజమైన నంబర్‌ను వంద డూప్లికేట్ల మీద చెక్కితే ఆపేవాడు లేడు. అందుకే నెట్‌లో నంబర్ దొరికిందని సంబరపడొద్దు.

ఇక మనవైపు బాగా పనిచేసే మాట ‘దుబాయ్ నుంచి వచ్చింది’. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఒకప్పుడు గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల చేతికి సీకో ఫైవో, రాడోనో ఉండేది, అవి ఏళ్ల తరబడి నడిచేవి. ఆ నమ్మకాన్నే ఇప్పుడు అమ్ముకుంటున్నారు. దుబాయ్‌లో అసలు షోరూములూ ఉన్నాయి, కాపీలకు పేరుపడ్డ కరామా సందులూ ఉన్నాయి. తెచ్చినతను మంచివాడే కావచ్చు, అతనే అక్కడ మోసపోయి ఉండొచ్చు కదా.

మూత తీస్తే ఏం కనిపిస్తుంది

చౌక కాపీ అయితే పెద్ద కేసులో బ్యాటరీతో నడిచే చిన్న క్వార్ట్జ్ మిషను, చుట్టూ ఖాళీ నింపడానికి తెల్ల ప్లాస్టిక్ రింగు. లక్ష రూపాయల వాచీ లోపల సాధారణంగా అలా ఉండదు. మిషను మీద కంపెనీ పేరు, నంబర్ శుభ్రంగా చెక్కి ఉంటాయి. సెకన్ల ముల్లు టిక్ టిక్ అనకుండా జారుతూ తిరిగితే ఒరిజినల్ అని చాలామంది అనుకుంటారు. అది పాత లెక్క, కాపీల్లోనూ ఇప్పుడు చేతి కదలికతో నడిచే ఆటోమేటిక్ మిషన్లు వేస్తున్నారు. దానికంటే పక్క బటన్లు నొక్కి చూడటం నయం. స్టాప్‌వాచ్ ఉండాల్సిన మోడల్‌లో డయల్ మీది చిన్న గుండ్రాల్లో ముళ్లు కదలకపోయినా, స్టాప్‌వాచ్‌కి బదులు వారమో తేదీనో చూపించినా అక్కడే తేలిపోతుంది. ఆటోమేటిక్ రాడో అయితే డయల్ మీది చిన్న లంగరు గుర్తును చూడండి. వాచీని అటూ ఇటూ వంచితే అది తిరగాలి. అచ్చేసినట్టు కదలకుండా ఉంటే లేచి వచ్చేయండి.

మేలు రకం కాపీల్లో మిషను మీది అక్షరాలు కూడా అచ్చంగా దింపేస్తారు. కాబట్టి లక్ష దాటితే మన ఊరి మెకానిక్ మాట చాలదు. అమ్మేవాణ్నే వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ రెండు మూడు గంటలు. రానన్నాడా, మీకు జవాబు దొరికినట్టే.

కంపెనీ అధికారిక షోరూంలో సీల్ తీయని కొత్త వాచీ కొంటుంటే మాత్రం మూత ముట్టుకోవద్దు, వారంటీ పోతుంది. మిగతా ఎక్కడ కొన్నా, ఎవరి దగ్గర కొన్నా ముందు మూత, తర్వాత డబ్బు.

ఇక మిగిలినవి:

– ‘మూత తీస్తే వాటర్‌ప్రూఫ్ పోతుంది’ అంటాడు అమ్మేవాడు. రబ్బరు రింగు సరిగ్గా కూర్చోబెట్టి, నీటి పరీక్ష మళ్లీ చేయించుకోవచ్చు. ఆ ఖర్చు మీరే పెట్టుకోండి, మూత మాత్రం తీయించండి.

– అడ్వాన్సు పంపొద్దు. ‘ఇంకో పార్టీ వస్తోంది’ అంటే ఇంకో పార్టీకే అమ్ముకోమనండి.

– మెకానిక్‌ను మీరు ఎంచుకోండి. అమ్మేవాడు చూపించిన కొట్టుకు వెళ్లొద్దు.

– బావమరిది స్నేహితుడే కదా అని మొహమాటపడొద్దు. మొహమాటపడ్డవాళ్లే ఎక్కువ మునిగారు.

– ఫస్ట్ కాపీ అని తెలిసే రెండు మూడు వేలకు కొంటున్నారా? మీ ఇష్టం, కానీ ఒరిజినల్ అని చెప్పి కట్నంలోనో చదివింపుల్లోనో పెట్టకండి. ఒకరోజు అది మెకానిక్ బల్ల మీదికి వెళ్తుంది.

– నన్నడిగితే ఆ రెండు మూడు వేలకే అసలు టైటాన్ వస్తుంది. బిల్లుతో, సర్వీసుతో.

– కాపీ డయల్ మీద 300 మీటర్లు అని ఉన్నా నమ్మొద్దు. మేడారం జంపన్న వాగులో దిగేముందు తీసేయండి.

– చెమటకు మణికట్టు ఎర్రబడి దురదపెడితే వాచీ మానేయండి. చౌక లోహాల్లోని నికెల్ కొందరికి పడదు.

– ఆగిపోయిన కాపీలో పాత బ్యాటరీ వదిలేయొద్దు. కారి మిషనును తినేస్తుంది.

– మోసపోయాం కదా అని ఇంకొకరికి అంటగట్టొద్దు. నకిలీ ట్రేడ్‌మార్క్ సరుకు అమ్మితే 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా.

– డబ్బు వాపసు వేస్తానని క్యూఆర్ పంపి పిన్ కొట్టమంటే కొట్టొద్దు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

– మళ్లీ చెప్తున్నా, ముందు మూత, తర్వాత డబ్బు. పెళ్లి రేపే ఉన్నా సరే. టైం లేకపోతే వాచీ పెట్టొద్దు, కవర్‌లో డబ్బు పెట్టండి.

– ఫోన్లో డబ్బు పంపి మోసపోయారా? నలుగురికీ తెలుస్తుందని టెన్షన్ పడుతూ కూర్చోవద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అతనితో జరిగిన చాటింగ్ డిలీట్ చేయొద్దు, వాచీని రిపేరుకు ఇవ్వొద్దు, రెండూ సాక్ష్యమే.