మన ఊరి బడి లెక్కలు చదవడం ఎలా?

ముందు బడి యూడైస్ కోడ్, అంటే ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య, కనుక్కోండి. 11 అంకెలుంటాయి, ఆంధ్రప్రదేశ్‌ది 28తో, తెలంగాణది 36తో మొదలవుతుంది. యూడైస్ ప్లస్ సైట్‌లో ఆ కోడ్ కొడితే తరగతుల వారీగా బాలబాలికలు, టీచర్లు, గదుల లెక్క వస్తుంది. పిల్లలకు చదవడం వచ్చో రాదో అందులో తేలదు.

టీచర్ల లెక్క దగ్గర కాస్త ఆగండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉండాలి. ఇద్దరే ఉంటే ఐదు తరగతులనూ వాళ్లే పంచుకోవాలి. అలాంటి బడి మార్కులను తరగతికో టీచరున్న బడితో పోల్చడం అన్యాయం.

పేరు రాసినవాళ్లంతా బడికి రారు. పది పనిదినాల హాజరు తీసి సగటు కట్టండి. పత్తి తీతల రోజుల్లో తీస్తే మాత్రం లెక్క తప్పుతుంది.

ఇక చదువు. మూడో తరగతి పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి, రెండో తరగతి స్థాయి పేరా ఇవ్వండి. పాఠంలోది వద్దు, కొత్తది కావాలి. తెలిసిన పాఠమైతే పుస్తకం వంక చూడకుండానే గడగడా అప్పజెప్పేస్తారు. తర్వాత 52లోంచి 27 తీసేయమనండి. 35 అన్నారంటే అప్పు తెచ్చుకోవడం రాలేదు, పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నారు.

శాతాలతో జాగ్రత్త. 12 మందిలో ఆరుగురు చదివితే 50, ఇంకొక్కరు చదివితే 58. కులాల వారీగా విడగొడితే ఇద్దరు ముగ్గురే మిగులుతారు; అక్కడ శాతం కట్టకండి, సంఖ్యే రాయండి. పేర్లు బయటపెట్టొద్దు.