దివ్యపూజ చివరి మాటను నిలిచి అందుకోవడం ఎలా?

ఆదివారం గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసఫ్ కథీడ్రల్‌లో గాని, సికింద్రాబాద్‌లోని సెయింట్ మేరీస్ బసిలికాలో గాని కతోలిక దివ్యపూజలో దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) స్వీకరించి వచ్చిన తరువాత వెనుక వరుసలను గమనించండి. ఒకరి చేతిలోకి హెల్మెట్ వస్తుంది. మరొకరు బండి తాళాలు చప్పుడు కాకుండా గుప్పిట్లో బిగించి గుమ్మం వైపు జరుగుతుంటారు. రద్దీకి ముందే బయటపడాలన్న వారి తొందర నాకు తెలియనిది కాదు. అయితే ఆ కొద్ది నిమిషాలలో చేజారిపోయేది ఏమిటో తెలిస్తే కాలు కదలదు.

పూజ ముగించి అందరినీ సాగనంపే చివరి మాట లాటిన్‌లో ‘ఈతే, మిస్సా ఎస్త్’. ‘వెళ్ళండి, ఇక సెలవు’ అన్నది దాని మూలార్థం. పూజను ‘మాస్’ అనడం ఈ ‘మిస్సా’ నుంచే వచ్చింది. అంటే ఇంత గొప్ప ఆరాధనకు పేరు పెట్టింది సెలవిచ్చి పంపే ఈ చిన్న మాటే. పదహారవ బెనెడిక్ట్ పోపుగారు 2007లో వెలువరించిన ‘సాక్రమెంతుమ్ కారితాతిస్’ లేఖలో, ప్రాచీన కాలంలో కేవలం సెలవును సూచించిన ఆ పదం క్రైస్తవుల వాడుకలో క్రమంగా ఒక పని అప్పగించి పంపడమనే లోతైన అర్థాన్ని సంతరించుకుందని వివరించారు. 2008లో ఆయన ఆమోదించిన కొత్త సెలవు వాక్యాలు, సువార్తను ప్రకటించమని, జీవితంతో ప్రభువును మహిమపరచమని, ఆ పనిని విప్పి చెబుతాయి.

తెలుగువారికి ఇది పరాయి భావం కాదు. ఊరికి బయలుదేరే బిడ్డను అమ్మ ‘వెళ్ళు’ అనదు, ‘వెళ్ళిరా’ అంటుంది. సంచిలో పచ్చడి సీసా సర్ది, గుమ్మం దాకా వచ్చి సాగనంపుతుంది. సత్ప్రసాదం పుచ్చుకుని సెలవు తీసుకోకుండా వెళ్ళడం, వడ్డించిన ఇంటివారికి చెప్పకుండా విస్తరి ముందు నుంచి లేచిపోవడం వంటిదే.

కాబట్టి సత్ప్రసాదం తరువాతి ప్రార్థన ముగిశాక ప్రకటనలను శ్రద్ధగా వినండి. పూజ నడిపే గురువు దీవించేటప్పుడు సిలువ గుర్తును నిదానంగా, నుదుటి నుంచి భుజాల దాకా పూర్తిగా వేసుకోండి. డీకన్ (గురువుకు తోడ్పడే అభిషిక్త సేవకుడు) ఉంటే సెలవిచ్చేది ఆయనే, లేకుంటే గురువే. దేవునికి కృతజ్ఞత తెలిపే జవాబును గొణగకుండా గొంతెత్తి చెప్పండి. ఈస్టర్ జాగరణ (పండుగ ముందురాత్రి పూజ) నుంచి అష్టాహం (ఈస్టర్‌తో మొదలయ్యే ఎనిమిది రోజులు) ముగిసే వరకు, తిరిగి పవిత్రాత్మ దిగివచ్చిన పండుగైన పెంతెకోస్తు నాడు, ఆ మాటకూ జవాబుకూ రెండేసి అల్లెలూయాలు చేరుతాయి. గురువు బలిపీఠాన్ని ముద్దుపెట్టుకుని వెళ్ళేవరకు మీ చోటనే ఉండండి.

పవిత్ర శుక్రవారం నాడు మాత్రం ఈ మాట కోసం ఎదురుచూడవద్దు. ఆనాడు అందరూ మౌనంగా వెళ్ళిపోతారు.

ఇక ముఖ్యమైనది ఆవరణలో మొదలవుతుంది. ప్రకటనలలో వినిపించిన రోగి మీ వీధివారైతే, బండి తీయకముందే, ఈ వారంలో ఏ సాయంత్రం వారింటికి వెళ్ళగలరో పక్కనున్న ఇంటివారితో మాట్లాడి నిర్ణయించుకోండి.