వీల్ బేరింగ్ హోరు ఏ చక్రానిదో కనిపెట్టడం

వీల్ బేరింగ్ (చక్రం సాఫీగా తిరిగేలా చూసే భాగం) పాడైతే కారు 50-60 స్పీడు దాటగానే కింద నుంచి ఒకటే హోరు వస్తుంటుంది, కానీ ఏ చక్రమో లోపల కూర్చుంటే అంతుపట్టదు, దాంతో అవసరం లేని బేరింగ్ కూడా మార్పించేస్తుంటారు.

ఖాళీగా ఉన్న వెడల్పాటి రోడ్డు మీద అదే స్పీడులో స్టీరింగ్ మెల్లగా ఎడమకి, తర్వాత కుడికి తిప్పండి. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది, అప్పుడు హోరు పెరిగితే అనుమానం కుడివైపు. కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమవైపు.

ముందా వెనకా తేలాలంటే కారుని చదునైన చోట ఆపి, నేల మీదున్న చక్రాలకు అడ్డు పెట్టి, ఆ వైపు చక్రాలను ఒక్కోటిగా జాకీతో లేపి స్టాండ్ మీద నిలపండి (ఒట్టి జాకీని నమ్మొద్దు). న్యూట్రల్‌లో ఉంచి, వెనక చక్రమైతే హ్యాండ్‌బ్రేక్ కూడా వదిలి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగ్ (చక్రం దగ్గర కుదుపులు తట్టుకునే స్ప్రింగ్) మీద ఆనించండి. పాడైన బేరింగ్ అయితే చెవికి వినపడకపోయినా వేళ్లకు గరగరమని తెలుస్తుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడటం కూడా మంచిదే గానీ, లూజు లేదు కదా అని వదిలేయకండి, లూజు లేకుండానే హోరెత్తే బేరింగులు బోలెడు.

ఒక్క చోట ఈ పద్ధతి పొరబడుతుంది, టైరు ఎగుడుదిగుడుగా అరిగితే అచ్చం ఇలాంటి శబ్దమే వస్తుంది. స్ప్రింగ్ దగ్గర ఏమీ తెలియకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నడపండి, శబ్దం మారిందంటే తప్పు టైరుదే.