కాలేజీ ఫుట్‌బాల్ తెలుసుకుందాం – 5వ పాఠం: రెడ్‌షర్ట్ లెక్క

పోయిన పాఠంలో రోస్టర్, అంటే జట్టు ఆటగాళ్ల జాబితా, చదవడం నేర్చుకున్నాం. చివర్లో ఒక ప్రశ్న ఇచ్చాను: ఆటగాడి పేరు పక్కన "రెడ్‌షర్ట్ ఫ్రెష్‌మన్" అని ఉంటే అతను కాలేజీలో చేరి ఎన్నాళ్లయినట్టు? జవాబు: అతనికి రెండో ఏడు నడుస్తోంది. చదువులో సోఫమోర్ (రెండో ఏడు విద్యార్థి), ఆటలో ఇంకా ఫ్రెష్‌మన్ (మొదటి ఏడు ఆటగాడు). ఈ తేడా ఎలా వచ్చిందో ఈ పాఠంలో చూద్దాం. పాఠం పూర్తయ్యేసరికి, ఏ ఆటగాడి వివరాలు మీ ముందు పెట్టినా అతను ఇంకెన్ని సీజన్లు ఆడగలడో మీరే చెప్పగలగాలి.

ముందే ఒక మాట. ఇక్కడ చెప్పేది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి, అందులోనూ అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పై స్థాయి అయిన డివిజన్ 1 గురించి, అదీ 2025 సీజన్ దాకా నడిచిన నిబంధనల గురించి. ఐదేళ్లలో ఐదు సీజన్లూ ఆడనివ్వాలన్న చర్చ అమెరికాలో గట్టిగానే సాగుతోంది. అది మారినా, పాత ఆటగాళ్ల కథలు అర్థం కావాలంటే ఈ లెక్క వచ్చి తీరాలి.

ప్రీపెయిడ్ ఫోన్ రీచార్జ్ గుర్తు తెచ్చుకోండి. అందులో వ్యాలిడిటీ వేరు, బ్యాలెన్స్ వేరు. మీరు ఫోన్ ముట్టుకోకపోయినా వ్యాలిడిటీ రోజులు గడిచిపోతూనే ఉంటాయి. బ్యాలెన్స్ మాత్రం వాడితేనే తగ్గుతుంది. కాలేజీ ఆటగాడికి కూడా చేరిన రోజున ఇలాంటివే రెండు ఇస్తారు. ఐదేళ్ల వ్యాలిడిటీ, నాలుగు సీజన్ల బ్యాలెన్స్. ఏదైనా కాలేజీలో ఫుల్‌టైమ్ విద్యార్థిగా చేరిన క్షణం నుంచి ఐదేళ్ల గడియారం తిరగడం మొదలవుతుంది. కాలేజీ మారినా, మధ్యలో మానేసినా అది ఆగదు. సీజన్ మాత్రం మైదానంలో ఆడితేనే ఖర్చవుతుంది.

ఐదులోంచి నాలుగు తీసేస్తే ఒకటి మిగులుతుంది. ఆ మిగిలిన ఏడాదే రెడ్‌షర్ట్ ఏడాది. మొత్తం పాఠానికి ఆధారం ఈ ఒక్క తీసివేతే. దీన్ని మరిచిపోయి "రెడ్‌షర్ట్ అంటే అదనంగా ఒక ఏడాది ఇవ్వడం" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అదనంగా ఏమీ ఇవ్వరు. ముందే ఉన్న ఖాళీ ఏడాదిని ఎప్పుడు వాడుకోవాలన్నదే ప్రశ్న.

పేరు సంగతి. 1937లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో వారెన్ ఆల్ఫ్‌సన్ అనే కుర్రాడు ఆ ఏడాది మ్యాచ్‌లు ఆడనని, ప్రాక్టీస్ మాత్రం చేస్తానని అడిగాడట. ప్రాక్టీస్‌లో అతను నంబర్ లేని ఎర్ర చొక్కా వేసుకునేవాడని, ఈ పేరు అక్కడి నుంచే వచ్చిందని చెప్పుకుంటారు.

రెడ్‌షర్ట్‌లో ఉన్న కుర్రాడు ఖాళీగా కూర్చోడు. స్కాలర్‌షిప్ ఉంటే అది కొనసాగుతుంది, క్లాసులకు వెళ్లాలి, జిమ్‌కు వెళ్లాలి, రోజూ ప్రాక్టీస్ చేయాలి. ఎక్కువమందిని స్కౌట్ టీమ్‌లో వేస్తారు. వచ్చే శనివారం ఎదురుపడే జట్టు ఎలా ఆడుతుందో వీళ్లు ఆ వారమంతా అచ్చం అలాగే ఆడి, తమ జట్టు మొదటి పదకొండు మందిని సిద్ధం చేస్తారు. టీవీలో వీళ్లు కనబడరు, స్కోరు షీట్‌లో పేరుండదు. స్కూల్లో ఊరంతా చప్పట్లు కొట్టిన పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఆ ఏడాది ఎంత కష్టమో ఊహించండి. ఆట చూస్తున్నప్పుడు సైడ్‌లైన్‌లో ఉన్న ఆ పిల్లల వైపు కూడా ఒకసారి చూడమని నా మనవి. రెండేళ్ల తర్వాత జట్టును మోసేవాళ్లు చాలాసార్లు వాళ్లలోనే ఉంటారు.

ఇప్పుడు అసలు నిబంధన. 2018కి ముందు, గాయాల మినహాయింపు వదిలేస్తే, ఒక్క ఆటలో అడుగుపెట్టినా సీజన్ ఖర్చే. 2018లో ఎన్‌సీఏఏ దీన్ని మార్చింది. సీజన్‌లో నాలుగు ఆటల దాకా ఆడినా ఆ సీజన్ లెక్కలోకి రాదు. ఐదో ఆటలో దిగితే మొత్తం సీజన్ పోయినట్టే. ఆ నాలుగు వరసగా ఉండక్కర్లేదు. సెప్టెంబర్‌లో ఒకటి, నవంబర్‌లో మూడు ఆడొచ్చు. ఆట మొత్తం ఆడినా, కికాఫ్‌లో (బంతిని తన్ని ఆట మొదలుపెట్టేటప్పుడు) ఒకే ఒక్కసారి దిగినా, లెక్కకు అది ఒక ఆటే. అందుకే నవంబర్ వచ్చేసరికి కోచ్‌లు ఏ కుర్రాడు ఎన్ని ఆటలు ఆడాడో రాసుకుని మరీ దింపుతారు. నా దృష్టిలో ఈ ఆటలో ఇటీవల వచ్చిన మార్పుల్లో పిల్లలకు ఎక్కువ మేలు చేసింది ఇదే. గాయాలతో జట్టు పలచబడినప్పుడు కొత్త కుర్రాడికి అవకాశం వస్తుంది, అతని ఏడాది కూడా వృథా కాదు.

ఈ నిబంధన ఇంకో దారి కూడా తెరిచింది. అదే 2018లో క్లెమ్‌సన్ విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టు దాడిని నడిపేవాడు) కెల్లీ బ్రయంట్ నాలుగు ఆటలు ఆడాక, కోచ్ అతని స్థానంలో ట్రెవర్ లారెన్స్‌ను ప్రధాన ఆటగాడిగా ప్రకటించాడు. బ్రయంట్ వెంటనే జట్టు వదిలేశాడు. నాలుగే ఆడాడు కాబట్టి ఆ సీజన్ ఖర్చు కాలేదు, 2019లో మిజోరీకి ఆడాడు. మరుసటి ఏడు హ్యూస్టన్‌లో డెరిక్ కింగ్ కూడా నాలుగు ఆటల దగ్గరే ఆగి, 2020లో మయామీకి వెళ్లాడు. అప్పట్లో అభిమానులకు కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ కుర్రాళ్లను తప్పుపట్టాలనిపించదు. ఉన్నది నాలుగే సీజన్లు. అవి అయిపోయాక ఎంత ఏడ్చినా తిరిగి రావు.

ఇక లెక్క చేద్దాం. కాగితం మీద వరసగా ఐదు గళ్లు గీయండి. మొదటి గడిలో అతను కాలేజీలో చేరిన ఏడాది, తర్వాతి గళ్లలో ఆపై ఏడాదులు రాయండి. ఐదు లేదా అంతకంటే ఎక్కువ ఆటలు ఆడిన గడిలో అడ్డగీత పెట్టండి. 2018 ముందు సీజన్లకైతే ఒక్క ఆట ఆడినా గీతే.

క్వార్టర్‌బ్యాక్ జో బరో ఉదాహరణతో చూద్దాం. 2015లో ఒహాయో స్టేట్‌లో చేరాడు. ఆ ఏడాది రెడ్‌షర్ట్, గడి ఖాళీ. 2016, 2017లో ప్రధాన ఆటగాడి వెనక బ్యాకప్‌గా అడపాదడపా దిగాడు. ఆడింది కొద్దిగానే అయినా రెండు గళ్లకూ గీత. డిగ్రీ పూర్తి చేసుకుని లూసియానా స్టేట్‌కు మారాడు. 2018కి గీత, 2019కి గీత. ఐదు గళ్లు, నాలుగు గీతలు, ఒక ఖాళీ. ఆ చివరి గడిలో అతను ఏం చేశాడో చూడండి: 60 టచ్‌డౌన్ పాస్‌లు (స్కోరు తెచ్చిన పాస్‌లు), ఆ ఏడాది అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ, 15 ఆటలకు 15 గెలుపులతో జాతీయ టైటిల్. 2015లోనే ఏవో రెండు ఆటల్లో అతన్ని దింపి ఉంటే, 2018తోనే అతని నాలుగు సీజన్లూ అయిపోయేవి. ఆ ఖాళీ గడి ఎంత విలువైనదో చెప్పడానికి నేనెప్పుడూ ఈ ఉదాహరణే తీసుకుంటాను.

గళ్లు ఐదు దాటే సందర్భాలు కొన్ని ఉన్నాయి. సైనిక సేవ, మతపరమైన మిషన్ వంటి కారణాలతో వెళ్తే ఆ కాలం గడియారంలో కలపరు. యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం జట్టులో ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ల ఆటగాళ్లు కనబడటానికి కారణం ఇదే. కోవిడ్ వల్ల 2020 సీజన్‌ను ఎవరి లెక్కలోనూ కలపలేదు. అప్పుడు జట్టులో ఉన్నవాళ్ల కాగితం మీద ఆ గడిని పూర్తిగా కొట్టేసి, చివర ఒక గడి చేర్చండి.

గాయాల సంగతి కొంచెం జాగ్రత్తగా చదవండి. సీజన్ తొలి సగంలోనే గాయపడి, ఆ గాయంతో మిగతా సీజన్‌కు దూరమై, అప్పటికి సుమారు 30 శాతానికి మించి ఆటలు ఆడకపోతే, డాక్టర్ కాగితాలతో మెడికల్ మినహాయింపు అడగొచ్చు. వస్తే ఆ సీజన్ బ్యాలెన్స్‌కు తిరిగి వస్తుంది. కానీ బ్యాలెన్స్ వచ్చినంత మాత్రాన వ్యాలిడిటీ పెరగదు! ఆరో ఏడాది కావాలంటే వేరే అర్జీ పెట్టాలి, తన చేతిలో లేని కారణాలతో ఒకటి కాదు, రెండు సీజన్లు పోయాయని చూపాలి. టైట్ ఎండ్ (అడ్డుకోవడం, పాస్ పట్టడం రెండూ చేసే స్థానం) ఆటగాడు కామ్ మెకార్మిక్ 2016లో ఆరెగన్‌లో చేరి రెడ్‌షర్ట్ తీసుకున్నాడు. 2017 ఆడాడు. 2018 మొదటి ఆటలోనే కాలు విరిగింది. 2019, 2020 మొత్తం పోయాయి. 2021లో రెండో ఆటలో మళ్లీ గాయం. 2022లో ఆరెగన్‌కు, 2023, 2024లో మయామీకి ఆడాడు. తొమ్మిదేళ్లు! అయినా గీతలు లెక్కపెట్టండి: 2017, 2022, 2023, 2024. నాలుగే.

జూనియర్ కాలేజీలో (రెండేళ్ల కోర్సుల కాలేజీ) గడిపిన కాలం కూడా ఈ ఐదేళ్లలోనే కలుస్తుంది. వాండర్‌బిల్ట్ క్వార్టర్‌బ్యాక్ డియేగో పావియా దీని మీద కోర్టుకెళ్లి, 2024 డిసెంబర్‌లో అనుకూలంగా ఉత్తర్వు తెచ్చుకున్నాడు. ఆ కేసుకు ఒక పాఠం విడిగా కేటాయిస్తాను.

అభ్యాసం. కాగితం తీసుకుని చేయండి, మనసులో వద్దు. మూడింటిలోనూ గాయాలేమీ లేవు.

మొదటిది: ఒక కుర్రాడు 2021లో చేరాడు. 2021లో 2 ఆటలు, 2022లో 11, 2023లో 5, 2024లో 12 ఆడాడు. 2025లో ఆడొచ్చా? ఆడొచ్చు. గీతలు మూడే, గడి ఒకటి మిగిలింది. ఇక్కడ తప్పు చేస్తే 2023 దగ్గరే చేస్తారు. అయిదు ఆటలే అయినా అది పూర్తి సీజన్.

రెండోది: ఇతనూ 2021లోనే చేరాడు. వరసగా 10, 12, 4, 3 ఆటలు. గీతలు రెండే కాబట్టి రెండు సీజన్లు మిగిలాయనిపిస్తుంది. గళ్లు చూడండి. 2025తో అయిపోతున్నాయి. ఆడగలిగేది ఒక్క సీజనే, రెండోది వాడకుండానే పోతుంది.

మూడోది మీకే వదులుతున్నాను. జానీ మాంజెల్ 2011లో టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో రెడ్‌షర్ట్, 2012లో హైస్‌మన్ గెలిచిన తొలి ఫ్రెష్‌మన్, 2013 కూడా ఆడి 2014 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కు (ప్రొఫెషనల్ లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) వెళ్లిపోయాడు. హైస్కూల్ పూర్తయి మూడేళ్లయితే డ్రాఫ్ట్‌కు వెళ్లొచ్చు, రెడ్‌షర్ట్ ఏడాది కూడా ఆ మూడింటిలో కలుస్తుంది. అతను వదులుకున్న సీజన్లు ఎన్ని? జవాబు 6వ పాఠంలో, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌తో పాటు.